ఓవెన్ రిజిస్టర్లో ఒక కవరు

"ఓవెన్ చూశావా?" అంది మేడమ్.

"సూసినానమ్మా," అన్నాను.

మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలు అవే. సీతమ్మధారలో ఒక ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. మధ్యాహ్నం మూడింటికి చూడవచ్చేవాళ్ళని లోపలికి వదిలే వేళ. అప్పటికి ఆమె రిటైరై ఆరేళ్ళు, నేను రిటైరై నాలుగేళ్ళు. ఓవెన్ ఎక్కడ, మేమెక్కడ. పక్కన కూర్చున్న ఆమె తమ్ముడు, "మందుల మత్తండీ, ఏదేదో మాట్లాడుతోంది," అన్నాడు. నేను తల ఊపాను. ఆమె ఏదేదో మాట్లాడటం లేదని నాకు తెలుసు. ఆ ప్రశ్న పన్నెండేళ్ళ నుంచి నన్ను అడుగుతూనే ఉంది. పన్నెండేళ్ళ నుంచి నేను అదే జవాబు చెప్పి తప్పించుకుంటూనే ఉన్నాను.

మా డిపార్టుమెంటు వాళ్ళు పాత ఉద్యోగుల చేత తలా ఒక జ్ఞాపకం రాయించి పుస్తకం వేస్తారట. నాకు రాయడం రాదు. అంకెలు వచ్చు, నా పేరు వచ్చు, ఇంకో నాలుగు మాటలు కూడబలుక్కుని రాయగలను. ఆటోనగర్లో కంప్యూటర్ పనిచేసే నా చెల్లెలి కూతురు ఆదివారం పూట వచ్చి, నేను చెబుతుంటే పుస్తకాల భాషలోకి దిద్ది రాస్తోంది. మనుషులు మాట్లాడుకున్నది మాత్రం దిద్దొద్దన్నాను. ల్యాబుల్లో కొత్తగా చేరే అటెండర్లూ, ఆ గదుల్లోకి వచ్చే చదువుకునే పిల్లలూ, ఇది మీకోసం.

నేను యారాడ మనిషిని. పెళ్ళికి ముందు మా అమ్మతో బుట్ట మోసి చేపలమ్మాను. వీధి ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివరి ఇంటావిడ గిన్నె పట్టుకుని బయటికి వచ్చేది. గొంతు ఇప్పటికీ అలాగే గరుగ్గా ఉంది. కావలసిన ఒక్కరోజు మాత్రం అది పైకి రాలేదు.

మా ఆయన యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో, సివిల్ వాళ్ళ మట్టి ల్యాబులో అటెండరు. గుండె ఆగి పోయాడు. కారుణ్య నియామకం కింద అదే ల్యాబు, అదే స్టూలు నాకిచ్చారు. ఇచ్చారంటే తాత్కాలికంగానే. నన్ను పర్మనెంటు చేసే ఫైలు డీన్ ఆఫీసులో ఉండేది. ఏడాదికోసారి ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరిగేది. నేను చేరిన రెండో ఏడు, పరీక్ష కాగితాలు పాడుచేశాడని నాలాంటి తాత్కాలికం మనిషినే ఇంకో డిపార్టుమెంటులో తీసేశారు. అతను ఏం చేశాడో ఎవరూ పూర్తిగా అడగలేదు.

ఆ ల్యాబు మేడమ్‌ది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. నూలు చీర, మగవాళ్ళ వాచీ, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్ల మట్టి. పోర్టు దగ్గర సముద్రం అడుగున దొరికే జిగురు మట్టి అది. రేవు పక్కన ఏ గోడ లేపాలన్నా ముందు ఆ మట్టిని అడగాలి అనేది. మట్టిలో నీరెంతుందో తేలాలంటే ముందు తడిగా తూచాలి, ఓవెన్లో నూటయిదు డిగ్రీల మీద ఆరబెట్టాలి, మళ్ళీ తూచాలి. మా ల్యాబులో రోజూ జరిగే వంట అదే. పిల్లలు ఆమెకి 'నూటయిదు' అని పేరు పెట్టుకున్నారు. ఆమె కోపం కూడా అంత వేడి మీదే ఉండేది. రికార్డు పుస్తకం కిటికీలోంచి విసిరేసిన రోజులున్నాయి. విసిరిందాన్ని మళ్ళీ నేనే ఏరుకొచ్చేదాన్ని.

కానీ ఆమెకి ఒక పద్ధతి ఉండేది. అలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. వైవాకి ముందు ప్రతి విద్యార్థీ నా స్టూలు ముందు కూర్చుని, చేసిన పరీక్ష ఏమిటో నాకు తెలుగులో చెప్పాలి. నాకు అర్థమైతే ఆమె గదిలోకి వెళ్ళాలి. నేను తల అడ్డంగా ఊపితే మళ్ళీ మొదటినుంచి చెప్పాలి.

"ఆవిడకి అర్థం కాలేదంటే నీకు అర్థం కాలేదన్నమాట," అనేది.

మొదట్లో పిల్లలు నవ్వేవారు. తర్వాత నన్ను చూస్తే చెమటలు పట్టేవి. ఒక ఏడు టెక్కలి వైపు నుంచి ఒక పిల్ల వచ్చింది. క్లాసులో నోరు తెరిచేది కాదు. ఇంగ్లీషులో అడిగితే కళ్ళలో నీళ్ళు. మేడమ్ ఒకరోజు ఆ పిల్లని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టి, చేతిలో మట్టి ముద్ద పెట్టింది.

"మాట్లాడొద్దు. కారప్పూస లావున తాడు చెయ్యి. విరిగేదాకా చేస్తూ ఉండు."

అదీ ఒక పరీక్షే. తాడు విరిగే వేళకి మట్టిలో నీరెంతుందో చూస్తారు. వరసగా మూడు మధ్యాహ్నాలు ఆ పిల్ల నాతో కూర్చుని గాజు పలక మీద మట్టి దొర్లించింది. మూడో రోజు దానంతటదే నోరు విప్పింది.

"అత్తా, ఇప్పుడిరిగినాది సూడు. నిన్న ఇరగనేదు. నిన్న నీరెక్కువున్నాది."

"అయితే ఏటంట?" అన్నాను.

"ఏటంటేటత్తా? నీరు మారితే మట్టి గుణమే మారిపోతాది," అని గంటసేపు నాకు పాఠం చెప్పింది. మేడమ్ తలుపు దగ్గర నిలబడి విని, వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు వంతెనల మీద ఇంజనీరు.

మేడమ్ పెట్టిన ఇంకో నియమం ఓవెన్ రిజిస్టరు. ఓవెన్లోకి ఏది వెళ్ళినా రాయాలి. ఏ వస్తువు, ఎన్ని గంటలకి, ఎవరు పెట్టారు. మా ఆయన ఉన్నప్పుడు ఒకసారి చల్లారిపోయిన ఇడ్లీలు వెచ్చబెట్టుకుంటే పట్టుకుని, "రాయి," అందట. 'ఇడ్లీలు, నాలుగు' అని మా ఆయన చేతిరాత పాత రిజిస్టర్లో ఇప్పటికీ ఉంది. శుక్రవారం శుక్రవారం ఆమె పేజీ చూసి సంతకం పెట్టేది. నేను చేరాక ఆ రిజిస్టరు కోసమే నాకు అంకెలూ, పేరూ నేర్పింది.

ఇక ఆ ఏడు సంగతి. యూనివర్సిటీలో ఏటా ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఇంజనీరింగ్ ప్రొఫెసర్లలో బాగా పాఠం చెప్పేవారికీ, పిల్లల్ని చేయిపట్టి నడిపించేవారికీ ఒక గౌరవం ఇస్తారు. మేడమ్ ఎన్నడూ దానికి కాగితం పెట్టుకోలేదు. ఆ ఏడు పాత విద్యార్థులు తామే ఆమె పేరు పంపారు. టెక్కలి పిల్ల ముందు నిలబడి పంపించిందని తర్వాత తెలిసింది.

"ఇస్తే గోడకి తగిలించాలి. ఈ గోడకి మేకు కొడితే పెచ్చు ఊడుతుంది," అంది మేడమ్. కానీ ఆ రోజు రికార్డు పుస్తకాలేవీ కిటికీలోంచి ఎగరలేదు. ఆమెకి కావాలనే ఉందని నాకు అర్థమైంది.

దానికి ముఖ్యమైనవి పిల్లల ఫీడ్‌బ్యాకు కాగితాలు. ఇప్పుడు ఫోన్లలో నొక్కేస్తున్నారట గానీ అప్పుడు కాగితాలే. టీచరు గదిలో ఉండకూడదు. పిల్లలు పేరు రాయకూడదు. క్లాసు లీడరు కాగితాలు పోగుచేసి, కవరులో పెట్టి, జిగురు అంటించి, అంటించిన చోట సంతకం పెట్టి అటెండరుకి ఇవ్వాలి. అటెండరు తిన్నగా డీన్ ఆఫీసులో ఇవ్వాలి. నేను చేయాల్సిందల్లా తిన్నగా వెళ్ళడమే.

ఆ రోజు మేడమ్ మూడో ఏడు పిల్లల్ని తీసుకుని పొద్దున్నే పోర్టుకి వెళ్ళింది. నాలుగో ఏడు వాళ్ళు కాగితాలు రాసి ఇచ్చారు. వాళ్ళకి ఆ రోజుతో క్లాసులు సరి. మర్నాటి నుంచి ట్రైనింగులకి తలా ఒక ఊరు. మా బ్లాకు కింద, డీన్ ఆఫీసు మెట్ల పైన. సగం మెట్లెక్కానో లేదో సముద్రం వైపు నుంచి వాన వచ్చి కొట్టింది. గొడుగు తిరగబడింది. కవరుని కొంగు కింద దాచుకున్నాను. కొంగే ముద్దయిపోయాక కవరెంత?

అప్పుడు తిన్నగా పైకే వెళ్ళి, తడిసిందయ్యా అని ఇచ్చేసి ఉంటే ఈ కథ లేదు. కానీ తీసేసిన ఆ మనిషి గుర్తొచ్చాడు. కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగి ల్యాబుకి తీసుకొచ్చాయి. ల్యాబులో ఎవరూ లేరు. ఓవెన్ గుర్రుమంటోంది. నా చేతులకి తెలిసింది ఒకటే, తడిసింది ఓవెన్లోకి వెళ్ళాలి. మట్టి గిన్నెలు పక్కకి జరిపి, మధ్య అరలో కవరు పెట్టి, తలుపు వేశాను. అలవాటు ప్రకారం రిజిస్టరు తీసి, గడియారం చూసి, రాశాను. కవరు. పదకొండు నలభై. నా పేరు. రాయకుండా ఉండొచ్చని నాకు తోచనే లేదు.

అరగంటకి తలుపు తీస్తే జిగురు ఊడి కవరు నోరు తెరుచుకుని ఉంది. లీడరు సంతకం నీలంగా పాకిపోయింది. అంచులు వంకర్లు తిరిగాయి, ఒక మూల గోధుమరంగు వచ్చింది. లోపలి కాగితాలు అతుక్కుపోతాయేమోనని ఒక్కొక్కటీ విడదీశాను. అంతా అయ్యాక నా వేళ్ళు చూసుకున్నాను. మట్టి గిన్నెలు జరిపిన వేళ్ళు. ప్రతి కాగితం మూల మీదా ఒక నల్లటి బొటనవేలు.

మళ్ళీ జిగురు రాసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైకి తీసుకెళ్ళాను. డీన్ ఆఫీసు అటెండరు మా ఆయన స్నేహితుడు.

"ఏటి వదినా, కవరు కరకరలాడతంది. అప్పడాలేటైనా ఏపించి తెచ్చినావా?" అన్నాడు.

"వానకి తడిసినాది. ఆరబెట్టినాను."

"ఇంత వానలో ఎక్కడారింది?"

అతను కవరుని ఇటూ అటూ తిప్పాడు. నవ్వు ఆగిపోయింది.

"నాను సూడనేదు. నువ్వూ ఏటీ సెప్పనేదు. ఎల్లిపో వదినా," అని ముద్ర కొట్టి లోపల పెట్టేశాడు.

తర్వాత నాలుగు రోజులు వరండాలో చెప్పుల చప్పుడైతే లేచి నిలబడేదాన్ని. మేడమ్ మాత్రం కమిటీ వస్తోందని బల్లలన్నీ కడిగించింది.

అయిదో రోజు ముగ్గురు వచ్చారు. డీన్, ఇంకో బ్రాంచి ప్రొఫెసరు, బయటినుంచి పిలిపించిన ఒక పెద్దాయన. ఆయన స్టీలు పనిలో జీవితమంతా గడిపిన ఇంజనీరట. నేను టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. డీన్ ఆ కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, ఇది ఎవరో తెరిచి మళ్ళీ అంటించారు. లోపల కాగితాల మీద ఈ మట్టి ఏ ల్యాబుదో నేను చెప్పక్కర్లేదు."

"మీరే చూశారని మేమనడం లేదు," అన్నాడు పక్క బ్రాంచి ప్రొఫెసరు. అనేశాడు కదా.

మేడమ్ కాగితం మీద రాసింది చదవలేదు. అంచుని వేలితో తడిమింది. వాసన చూసింది. మెల్లగా తల తిప్పి ఓవెన్ వైపు చూసింది. దాని పక్క బల్ల మీద రిజిస్టరు. వెళ్ళి పేజీ తిప్పింది. ఆమె వేలు గడుల వెంట కిందికి దిగుతూ ఒకచోట ఆగిపోవడం నేను చూశాను.

ఆ పేజీ తెచ్చి వాళ్ళ ముందు పెడితే చాలు. ఆమె పేరు కడిగినట్టు శుభ్రం. నా ఉద్యోగం అక్కడితో సరి.

ఆమె రిజిస్టరు మూసింది. దాని మీద అరచెయ్యి పెట్టింది.

"ఆ రోజు నేను పోర్టులో ఉన్నాను. అయినా ల్యాబు నాది. ఇక్కడ ఏం జరిగినా జవాబు నేనే చెప్పాలి."

"అందులో ఏమైనా ఉందా?" అన్నాడు డీన్.

"మట్టి శాంపిల్సు ఉంటాయి," అంది.

ఇడ్లీలు కూడా దాచనివ్వని మనిషి ఆ మాట అంది.

"రాసిన పిల్లలు ఊళ్ళో లేరు. మళ్ళీ రాయించే వ్యవధి లేదు. పేరు తీసేయాల్సి వస్తుంది మేడమ్."

"తీసేయండి."

వాళ్ళు లేచారు. ఆ పెద్దాయన మాత్రం ఆగి నావైపు చూశాడు. నా చేతులు చూశాడో, మొహమే చూశాడో తెలియదు.

"నీకేమైనా తెలుసా అమ్మా?" అన్నాడు, చాలా నెమ్మదిగా.

మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నన్ను చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"తెల్దు బాబూ," అన్నాను.

వీధంతా వినబడే గొంతు నాది. ఆ మాట నాకే సరిగ్గా వినబడలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను ఏడుస్తూ, "నానెల్లి సెప్పెత్తానమ్మా," అన్నాను.

"తడిస్తే తడిసిందని ఇచ్చెయ్యాలి. తడవడం తప్పు కాదు," అంది. గొంతులో ఆ నూటయిదు లేదు. దానికి ఇంకా భయమేసింది. "ముందు తడిగా తూచాలని ఎంతమంది నీకు పాఠం చెప్పారు? ఒక్కరి మాటా ఎక్కలేదా?"

నేను టీ కప్పులు పళ్ళెంలో సర్దుకున్నాను.

"ఇప్పుడు చెబితే నీ ఫైలు ఆ బల్ల మీదే పోతుంది. ఫైలు రానీ. అప్పుడు చెబుదువుగాని."

సాయంత్రం తాళం వేసేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఓవెన్ చూశావా?" అంది.

"సూసినానమ్మా."

అంతకుముందు ఎప్పుడూ అలా అడిగేది కాదు. ఆ రోజు నుంచి రోజూ అడిగేది.

ఆ ఏడు గౌరవం ఇంకెవరికో వచ్చింది. ఆయనా మంచివాడే. మేడమ్ మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. నేను వెనక గోడకి ఆనుకుని చూశాను. 'నూటయిదు మేడమ్ తన మార్కులు తనే వండుకుందట' అన్న మాట క్యాంటీన్లో పుట్టి అన్ని బ్లాకులూ తిరిగింది. నవ్వేవాళ్ళకి టీ పోసింది కూడా నేనే. టెక్కలి పిల్ల ఫోన్ చేసింది.

"అత్తా, మేడమ్‌కి ఎందుకు రానేదు?"

"నాకేటి తెలుసు తల్లీ?" అన్నాను.

మేడమ్ పాఠం చెప్పడం మానలేదు, పద్ధతీ మార్చలేదు. పిల్లలు నా ముందు కూర్చుని, "పిన్నీ, ముందు తడిగా తూచాల," అని మొదలుపెడితే నాకు చెవులు మండేవి. అర్థమైందని తల ఊపి లోపలికి పంపేదాన్ని. ఆమె పేరు మళ్ళీ ఎవరూ పంపలేదు. పంపితే పాత కవరు సంగతి పైకొస్తుందని అభిమానించే వాళ్ళే భయపడ్డారు.

మూడేళ్ళకి నా ఫైలు వచ్చింది. ఆ కాగితం మేడమ్ చేతుల్లో పెడితే చదివి తిరిగి ఇచ్చింది. మర్నాడు స్వీటు డబ్బా పట్టుకుని డీన్ ఆఫీసుకి వెళ్ళాను, ఆ సంగతి చెప్పేద్దామనే. బెంచీ మీద కూర్చున్నాను. మా ఆయన స్నేహితుడు డబ్బాలోంచి ఒక లడ్డూ తీసి నోట్లో వేసుకుని, నా మొహం చూశాడు.

"ఎందుకొచ్చినావో నాకు తెలుసులే వదినా. డీను మారిపోనాడు. ఆ కవరు ఏ బీరువాలో ఉందో ఎవడికీ తెల్దు. ఇప్పుడు నువ్వెల్లి సెప్తే నిన్నడగరు, ముద్రేసినోడెవడని నన్నడుగుతారు. నాకిద్దరాడపిల్లలు."

ఆ మాట సాకుగా దొరికింది. లేచి వచ్చేశాను. అతన్ని నేనేమీ అనను. అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ మెట్లు దిగుతుంటే నా గుండె తేలికపడింది చూడండి, దానికే నాకు ఇప్పటికీ సిగ్గు. అప్పటికి నా ఉద్యోగానికి వచ్చిన భయమేమీ లేదు. అలవాటైన భయం అంతే. భయం కూడా ఓవెన్ లాంటిదే, లోపల గిన్నెలేవీ లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది.

ఆ సాయంత్రం గుమ్మంలో, "ఓవెన్ చూశావా?"

"సూసినానమ్మా."

ఆమె నా మొహంలోకి కొంచెంసేపు చూసి తాళం వేసింది. ఇంకో మూడేళ్ళు అలాగే గడిచాయి. ఆమె రిటైరయింది. తర్వాత రెండేళ్ళకి నేను. తర్వాత సీతమ్మధార ఆసుపత్రి. నేను చూసి ఇంటికి వచ్చాక వారం తిరక్కుండానే పోయిందని కబురు వచ్చింది. నేను వెళ్ళేసరికి చేతులు శుభ్రంగా కడిగేశారు. గోళ్ళలో మట్టి లేదు. ఆ చేతులు నాకు ఎవరివో అనిపించాయి.

ఫీడ్‌బ్యాకు కాగితం అటెండర్లకి ఇవ్వరు. ఇస్తే నేను నింపేదాన్ని. టీచరుకి విషయం తెలుసా అని ఉంటుందట అందులో. చదువులేని నాకు మట్టి గుణం తెలిసేదాకా ఇంజనీర్ల చేత చెప్పించింది. సందేహాలు తీరుస్తారా అని ఉంటుందట. నోరు పెగలని పిల్లకి ముందు చేతికి పని చెప్పి తర్వాత నోరు తెరిపించింది. ఇలాగ ఆమె గురించి అడగాల్సిన మనిషిని నేను. అడిగారు కూడా. ఒక్కసారి. తెలియదన్నాను.

ఇక్కడిదాకా రాసి మా చెల్లెలి కూతురు పెన్ను ఆపింది.

"పెద్దమ్మా, ఇది అచ్చేసినాక ఎవలైనా వచ్చి నిన్నేటైనా అంటే?"

"భయంగానే ఉన్నాది. రాసీయే," అన్నాను.

పిల్లలూ, నా మాట నమ్మక్కర్లేదు. మట్టి ల్యాబులో ఇనప బీరువా ఉంది, పాత రిజిస్టర్లన్నీ కింది అరలో ఉంటాయి. ఆ ఏడు ఆగస్టు పేజీ తీయండి. మట్టి నంబర్ల మధ్యలో వంకర అక్షరాలతో 'కవరు' అని ఉంటుంది. పదకొండు నలభై. పక్కన నా పేరు. ఆమె ఆ గడి కొట్టేయలేదు, పేజీ చింపలేదు. ఆ శుక్రవారం కింద సంతకం పెట్టింది. నేను పర్మనెంటయ్యాక ఎప్పుడో వెళ్ళి చూసుకున్నాను. నా కోసం అలా ఉంచిందని అప్పుడు తెలిసింది. తెలిసి కూడా మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

ఇక చాలని మా చెల్లెలి కూతురితో అన్నాను. "అయిపోనాదే. ఇప్పుడు మొదట్నుంచీ సదువు, నాను ఇంటాను. ఎక్కడైనా తప్పించుకున్నట్టు ఉంటే ఆపి అడుగు. 'తెల్దు బాబూ' అన్నకాడ గొంతు తగ్గించకు. గట్టిగా సదువు."